పెన్సిల్‌తో రాసిన పేరు

పోయిన నెల అంబత్తూరులో ఒక పెళ్ళి విందుకు వెళ్ళాను. అన్నంలో గుంట చేసి రసం పోయించుకుంటుంటే, హాలు స్పీకర్లలో తొంభైల నాటి తెలుగు పాప్ పాట ఒకటి మొదలైంది. పల్లవి అయిపోయింది. చరణానికి ముందు వాయిద్యాలన్నీ ఆగే చోటు ఒకటుంది. అక్కడ పాడే అమ్మాయి నోటితో గబుక్కున ఒక ఊపిరి తీసుకుంది. రసం గుంట దాటి ఆకు అంచుకు పారి నా చీర మీద పడింది. వేడి తగిలింది కానీ కదలలేకపోయాను. పక్కన కూర్చున్న పిన్ని కొంగుతో నా చీర తుడుస్తూ, "పాట బాగుండాదే, ఎవురు పాడినారు?" అని అడిగింది. క్యాసెట్ అట్ట మీద ఉన్న పేరు చెప్పాను. పాతికేళ్ళు దాటింది, ఎవరడిగినా ఆ పేరే చెబుతున్నాను. కానీ ఆ ఊపిరి నాది. పాట మొత్తం నాది. ఈ సంగతి నేను చెప్పి తీరాల్సిన మనిషి ఒకామె ఉండేది. ఆమెకు చెప్పలేదు. ఆమె గురించే ఇది రాస్తున్నాను.

ఆమె పేరు రూతమ్మ. మద్రాసు చింతాద్రిపేటలో, కూవం ఏటి వంతెన దిగి రెండో సందులో ఆమెకు పాటల రికార్డింగ్ సెంటర్ ఉండేది. ఇప్పటి పిల్లలకు ఆ వ్యాపారమే తెలియదు. కావలసిన పాటల జాబితా కాగితం మీద రాసి, ఖాళీ క్యాసెట్‌తో పాటు అంగట్లో ఇచ్చి వెళితే, రెండు రోజుల తర్వాత పాటలు నింపి ఇచ్చేవాళ్ళు. నేనూ అక్కడే పనిచేసేదాన్ని. మాది ముఖ్యంగా ఇంగ్లీషు పాటల అంగడి. హార్బరు ఉద్యోగులు, ఓడల మీద పోయొచ్చేవాళ్ళు, కాలేజీ కుర్రాళ్ళు, అందరూ వచ్చేవాళ్ళు. ఒప్పుకోవాలి, మేము చేసేవన్నీ దొంగ కాపీలే. అలాంటి దొంగ సరుకు మధ్య కూర్చుని, ఏ గొంతు నిజం, ఏ గొంతు అబద్ధం అని రోజంతా వెదికే మనిషి రూతమ్మక్క. వీధిలో అందరూ ఆమెను 'సందేహం అక్క' అనేవాళ్ళు. భర్త పోయాక అంగడి ఆమె చేతికి వచ్చింది. చదువు ఎనిమిదో తరగతి. ఇంగ్లీషు అట్టల మీద పేర్లు కూడబలుక్కుని చదివేది, పాటల్లో ముక్క అర్థమయ్యేది కాదు. అదే మంచిదనేది. "మాటలు తెలిస్తే మనసు మాటల ఎనకాల పోతాది. తెలీకపోతే గొంతే ఇనబడతాది" అనేది.

నేను డిగ్రీ అయి, ఉద్యోగం లేక, ఆమె అంగట్లో చేరేటప్పటికి ఊరికి ఇంకా మద్రాసనే పేరు. మొదటి రోజు నా తలకు హెడ్‌ఫోన్ పెట్టి ఒక క్యాసెట్ వేసింది. అయిపోయాక, "ఊపిరి ఎన్ని తావుల తీసుకున్నాడు?" అని అడిగింది. నేను పాట బాగుందని చెప్పబోయాను. "బాగుండాదని పాడినోడికి చెప్పు. నాకు ఊపిరి చెప్పు" అంది. ఆమె చిన్నప్పటి నుంచి చర్చి కాయిర్‌లో పాడేది. కాయిర్‌లో ఒక కిటుకు ఉంటుందట. అందరూ ఒకేసారి ఊపిరి తీసుకుంటే పాట తెగుతుంది కనుక, ఒకరు ఇక్కడ, ఇంకొకరు అక్కడ దొంగతనంగా తీసుకుంటారు. వినేవాళ్ళకు ఎక్కడా తెగినట్టు తెలియదు. ముప్పై ఏళ్ళు ఆ దొంగతనం చేసిన మనిషి కనుక ఎదుటివాడి దొంగతనం ఇట్టే పట్టేది. మనిషి గొంతు మార్చుకోవచ్చు, యాస మార్చుకోవచ్చు, ఊపిరి తీసుకునే తీరు మాత్రం చచ్చేదాకా మారదని ఆమె నమ్మకం. ఆమె పూర్తిగా నమ్మినది ప్రపంచంలో ఇదొక్కటే అనుకుంటాను.

ఆమె పనిలో ఇంకో పద్ధతి ఉండేది. అంగట్లో ఉన్న ప్రతి ఒరిజినల్ క్యాసెట్‌కూ ఒక చిన్న అట్టముక్క రాసి బిస్కెట్ డబ్బాలో పెట్టేది. పాటలు, పాడినవాళ్ళు, వాయించినవాళ్ళు అన్నీ అందులో ఉంటాయి. అట్ట మీద అచ్చేసిన పేరు ఆమెకు చాలదు. పేపర్లో చదివో, తెలిసినవాళ్ళు చెప్పగా వినో రూఢి అయితేనే పేరు ఇంకుతో రాసేది. తన చెవి మాత్రమే చెప్పిన పేరైతే పెన్సిల్‌తో రాసేది. "నా చెవి కూడా ఒక మనిషిదే గదా, దాన్ని మాత్రం యాడ నమ్మేది? సాచ్చి రావాల, అప్పుడు ఇంకు" అనేది. అంగడి బయట ఒక పలక బోర్డు వేలాడేది. కొత్తగా వచ్చిన క్యాసెట్ల పేర్లు సుద్దముక్కతో రాసి, గొంతు నిజమనుకుంటే పక్కన టిక్కు, అనుమానమైతే ప్రశ్నార్థకం పెట్టేది. తన సరుకును తానే అనుమానించే అంగడి చింతాద్రిపేటలో ఇంకొకటి లేదు.

ఆ రోజుల్లోనే విదేశాల్లో ఇద్దరు అందమైన కుర్రాళ్ళ పాప్ జంట ప్రపంచాన్ని ఊపేస్తుండేది. మా అంగట్లో రోజుకు పది జాబితాలు వస్తే ఏడింటిలో వాళ్ళ పాట ఉండేది. ఓడ ఉద్యోగి ఒకాయన వాళ్ళు పాడుతుండగా తీసిన వీడియో తెచ్చి, పక్కింటి టీవీలో వేశాడు. మేమంతా కుర్రాళ్ళ ముఖాలు చూస్తున్నాం. అక్క టీవీకి అడుగు దూరంలో నిలబడి వాళ్ళ ఛాతీలు చూస్తోంది. పక్కింటావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. పాట అయ్యాక అక్క, "ఎగిరి దూకతాండారు, ఒక్కడి ఎద కూడా ఎక్కి దిగలా. పాటలో ఊపిరి వచ్చే తావున నోరు మూసుకోనుండారు. వీళ్ళు పాడలా" అంది. ఓడ ఉద్యోగికి కోపం వచ్చింది. వాళ్ళకు అమెరికాలో అంత పెద్ద సంగీత బహుమతి ఊరికే ఇచ్చారా అన్నాడు. అక్క అంగట్లోకి వచ్చి బోర్డు మీద వాళ్ళ పేరు పక్కన ప్రశ్నార్థకం పెట్టింది. డబ్బాలోని అట్టముక్క మీద పెన్సిల్‌తో 'వీళ్ళు కాదు' అని రాసింది. కాలేజీ పిల్లలు వారం రోజులు ఆ ప్రశ్నార్థకం తుడిచేశారు. వారం రోజులూ ఆమె మళ్ళీ పెట్టింది. కొన్నాళ్ళకు పేపర్లో వార్త వచ్చింది. ఆ పాటలు వాళ్ళు పాడలేదని, గొంతులు వేరేవాళ్ళవని, ఇచ్చిన బహుమతి వెనక్కి తీసుకున్నారని. ఓడ ఉద్యోగి పేపరు మడిచి గల్లాపెట్టె మీద పెట్టి పోయాడు. అక్క సంబరపడలేదు. డబ్బా తీసి, పెన్సిల్ అక్షరాల మీద ఇంకుతో నెమ్మదిగా దిద్దింది. "పాడినోళ్ళు ఎవురో పాపం, ఇన్ని దినాలు యాడ కూర్చోని తమ పాట ఇన్నారో" అంది. అప్పుడు నాకు ఆ మాట పట్టలేదు.

ఆ గెలుపు ఆమెను బాగుచేసిందని చెప్పలేను. ఇంకా ముదిరింది. కేబుల్ టీవీ వచ్చి ఇరవై నాలుగు గంటలూ ఇంగ్లీషు పాటలు వేయడం మొదలుపెట్టాక ఆమెకు చేతినిండా పని దొరికింది. గిటారుకు వైరు లేదే, చప్పుడు ఎట్టా వస్తాంది అనేది. కరెంటు వాయిద్యాలు పక్కన పెట్టి, ఉత్త గిటార్లతో కూర్చుని ఉన్నదున్నట్టు పాడే కచేరీలు వచ్చినప్పుడు ఇదైనా నచ్చుతుందనుకున్నాను. రెండు పాటలు కళ్ళు మూసుకుని విని, "పాడింది నిజమే. చప్పట్లు మాత్రం తరవాత అతికించినారు" అంది. అమెరికాలో ఒక యువ రాక్ గాయకుడు చనిపోయినప్పుడు కాలేజీ పిల్లలు ఎర్రబడిన కళ్ళతో అంగటికి వచ్చారు. వాళ్ళు వెళ్ళాక, "నిజంగా ఏడ్చినారా, ఫేషనుకు ఏడ్చినారా?" అని నన్నడిగింది. కానీ ఆ సాయంత్రం అతని క్యాసెట్ హెడ్‌ఫోన్‌లో పెట్టుకుని చివరిదాకా విన్నది. తీసేసరికి ఆమె కళ్ళూ ఎర్రగానే ఉన్నాయి. "ఈ బిడ్డ ఊపిరి దాచుకోలే. ఆయాసం కూడా అట్టనే ఇడిచిపెట్టినాడు" అంది. బోర్డు మీద టిక్కు పెట్టింది. ఆమె సుద్దముక్క అంత గట్టిగా నొక్కడం నేను ఎప్పుడూ చూడలేదు.

నన్నూ అనుమానించేది, మరచిపోలేను. నాకు జ్వరమంటే మా ఇంటి కిందున్న మందుల షాపుకు ఫోన్ చేసి, "హేమ నిజంగానే మాత్రలు కొన్నాదా?" అని అడిగేది. పక్క వీధి రికార్డింగ్ సెంటర్ వాడితో బస్టాపులో రెండు మాటలు మాట్లాడితే మూడు రోజులు నా సంచి వైపు చూసేది. ఒళ్ళు మండేది. కానీ ఆరు నెలలు తిరిగేసరికి నేనూ అలాగే తయారయ్యాను. పాలవాడి లీటరు మీద అనుమానం, బస్సు కండక్టరు నవ్వు మీద అనుమానం. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు. మా అమ్మ, "ఆ అంగట్లో కూలి తెచ్చుకుంటావనుకుంటే కుళ్ళు తెచ్చుకున్నావే" అని వాపోయేది.

అయితే ఆ అనుమానాన్ని నేను ఒకే ఒక్కసారి ఇంట్లో వదిలిపెట్టి వెళ్ళాను. హిందీలో పాప్ ఆల్బములు జోరుగా వస్తున్న కాలం అది. సినిమా లేకుండా పాటలే, పాటలకు ఒక అందమైన ముఖం, టీవీలో వీడియో. తెలుగులో కూడా అలాంటిది ఒకటి తీస్తున్నారని, కోడంబాకం వైపు ఒక చిన్న స్టూడియోలో ట్రాక్ పాడటానికి అమ్మాయి కావాలని మా అంగటికి వచ్చే కీబోర్డు అతను చెప్పాడు. నేను అక్క లేనప్పుడు అంగట్లో పాడుకోవడం అతను విన్నాడు. ట్రాక్ అంటే అసలు గాయని వచ్చేలోగా బాణీ చూసుకోవడానికి ఎవరో ఒకరు పాడిపెట్టే పాట. తర్వాత అసలు గాయని పాడాక దాన్ని చెరిపేస్తారు. అక్కకు పంటి నొప్పి అని చెప్పి రెండు రోజులు వెళ్ళి ఆరు పాటలు పాడాను. మైకు ముందు నిలబడితే నా గొంతు నాకే కొత్తగా వినబడింది. అంత సంతోషం అంతకుముందు ఎరగను. ట్రాక్‌కు అన్ని సార్లు మళ్ళీ మళ్ళీ ఎందుకు పాడిస్తున్నారని ఒక్కసారి అనిపించింది. అనిపించిన దాన్ని నేనే నొక్కేశాను. నెల తర్వాత తెలిసింది. ముఖం కోసం తెచ్చిన అమ్మాయికి గొంతు పలకలేదు, చెరపాల్సిన ట్రాకునే ఉంచేశారు. సంగీతం చేసినాయన నన్ను పిలిచి, "ఇది ఎక్కడా చెప్పకమ్మా. తర్వాతి ఆల్బమ్ నీ పేరు మీదే" అని ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. నమ్మాను. నమ్మాలని ఉండి నమ్మాను.

క్యాసెట్ మా అంగటికి వచ్చింది. అట్ట మీద ఆ అమ్మాయి జుట్టు గాలికి ఎగురుతోంది. అక్క హెడ్‌ఫోన్ పెట్టుకుని కళ్ళు మూసుకుంది. నేను రేకు తలుపు దగ్గర నిలబడి, లేని దుమ్ము తుడుస్తున్నాను. ఇంక పట్టేస్తుంది, బోర్డు మీద ప్రశ్నార్థకం పెడుతుంది, కాలేజీ పిల్లలు ఎవరిదా గొంతు అని తవ్వుతారు, నా రెండో ఆల్బమ్ గాలికి పోతుంది అనుకున్నాను. ఆమె క్యాసెట్ రెండు పక్కలా విని, హెడ్‌ఫోన్ తీసి నా తలకు పెట్టింది. వెనక్కి తిప్పి రెండో పాట వేసింది. మొదటి రోజు అడిగినట్టే, "ఊపిరి యాడ తీసుకుంటాంది చెప్పు" అంది.

నా ఊపిరి నేనే లెక్కపెట్టాను. పల్లవిలో రెండు, చరణానికి ముందు ఒకటి. ఆ మూడోది నోటితో తీసుకున్నదని చెప్పాను. "మంచిగా పాడే పిల్ల నోటితో ఎందుకు తీసుకుంటాది?" అని అడిగింది. "భయమేమో అక్కా" అన్నాను. ఆమె నా ముఖంలోకి చాలాసేపు చూసింది. "ఎవురిదా ఊపిరి?" అంది. నా నాలుక మీద మాట ఉంది. సంతకం పెట్టిన కాగితం గుర్తొచ్చింది. అంతకంటే, ఇన్నేళ్ళు నన్ను అనుమానించిన మనిషికి నిజంగానే ఒక అబద్ధంతో దొరికిపోవడం నాకు చిన్నతనమనిపించింది. "తెలీదక్కా" అన్నాను. "సరి" అంది. డబ్బా దగ్గర పెట్టుకుని, నాకు వీపు తిప్పి, ఏదో రాసి మూతపెట్టింది. ఆమె చేతిలో ఉన్నది పెన్సిలో పెన్నో నాకు కనబడలేదు.

ఆ క్యాసెట్ పేరు బోర్డు మీదికి ఎక్కలేదు. టిక్కూ లేదు, ప్రశ్నార్థకమూ లేదు. పాట టీవీలో వచ్చి ఊరంతా పాడుకుంటుంటే కూడా ఎక్కలేదు. పిల్లలు అడిగితే, "బోర్డులో తావు లేదప్పా" అనేది. సగం బోర్డు ఖాళీగా ఉండేది. అది చూసిన ప్రతిసారీ నాకు రకరకాల అనుమానాలు. పట్టేసిందా? పట్టేస్తే ఎందుకు రాయలేదు? నన్ను ఎప్పుడు ఎలా ఇరికిద్దామని చూస్తోంది? పట్టలేదంటే అదీ మింగుడుపడేది కాదు. ఏడేళ్ళు పక్కన కూర్చున్న మనిషి నా గొంతు గుర్తుపట్టలేదా అని కుమిలేదాన్ని. ఒక సాయంత్రం రేకు తలుపు దించుతూ ఆమె, "హేమా, నాకు చెప్పేది ఏమన్నా ఉండాదా?" అని అడిగింది. గొంతులో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు. "ఏమీ లేదక్కా" అన్నాను. ఇంకెప్పుడూ అడగలేదు. ఇప్పుడు తలచుకుంటే, ఆమె నన్ను అనుమానించడం కూడా ఆ రోజుతోనే మానేసింది. తర్వాత నాకు జ్వరం వస్తే మందుల షాపుకు ఫోన్ పోలేదు. నేను దాన్ని గౌరవమనుకున్నాను. అది దూరమని ఆలస్యంగా అర్థమైంది.

రెండో ఆల్బమ్ వచ్చింది. అదే ముఖం, గొంతు ఇంకెవరిదో. నా పేరు మీద వస్తుందన్నది ఎప్పటికీ రాలేదు. సీడీలు వచ్చాయి, జాబితా కాగితాలు తగ్గాయి, అక్క అంగడి మూసి తిరువొత్తియూరులో చెల్లెలింటికి వెళ్ళిపోయింది. నేను అంధ విద్యార్థులకు పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేసే చోట ఉద్యోగంలో చేరాను. ఎడిటింగ్‌లో ఊపిరి కత్తిరించేస్తుంటే వద్దని కొట్లాడేది ఇప్పటికీ నేనే. పండక్కి అక్కకు ఫోన్ చేసేదాన్ని. ప్రతిసారీ ఈసారి చెప్పేద్దామనుకునేదాన్ని. మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడి పెట్టేసేదాన్ని.

నాలుగేళ్ళ కిందట ఆమె పోయింది. వెళితే, చెల్లెలి కూతురు బిస్కెట్ డబ్బా ఒకటి నా చేతిలో పెట్టింది. "పెద్దమ్మ ఇది నీకే ఇయ్యమన్నాది. ఏడాదికి ఒకసారి దీంట్లో ఒక అట్ట తీసి ఏందో దిద్దతా కూర్చునేది. ఏందంటే చెప్పదు" అంది. సబర్బన్ రైల్లో కూర్చుని డబ్బా తెరిచాను. తమిళ పల్లెకారుల చేపల బుట్టల మధ్య, ఒడిలో పెట్టుకుని ఒక్కో అట్టే తిప్పాను. నాది చివరన ఉంది. పాడినవారు అన్న చోట, అట్ట మీద అచ్చయిన అమ్మాయి పేరు రాయనేలేదు. హేమలత అని ఉంది. పెన్సిల్‌తో. పెన్సిల్ రాత ఇన్నేళ్ళు నిలవదు, మాసిపోతుంది. ఆమె మాసిపోనివ్వలేదు. ఏటా అదే రాత మీద మళ్ళీ మళ్ళీ పెన్సిల్ దిద్దుతూ వచ్చింది. అట్ట అక్కడ నొక్కుకుపోయి, వెనక్కి తిప్పితే నా పేరు వేలికి తగిలింది. ఇంకు మాత్రం ఒక్కసారీ పెట్టలేదు. ఎందుకంటే సాక్షి రాలేదు. ఆ రైలు పెట్టెలో నేను ఏడ్చింది చూసి, పక్కన ఉన్న ముసలామె తన కొంగు ఇవ్వబోయింది.

అక్కకు ఎవరినీ నమ్మడం చేతకాదని వీధంతా అనేది. నేనూ అన్నాను. ఇరవై ఏళ్ళకు పైగా ఒక మనిషి నోరు తెరిచి నిజం చెబుతుందని ఎదురుచూసింది ఆవిడ. ఒక్క మాట అని ఉంటే నన్ను పట్టుకున్నట్టయ్యేది. పట్టుకోదలచుకోలేదు. నేనే రావాలనుకుంది. అంత నమ్మకం నా మీద మా అమ్మ కూడా పెట్టలేదు. దాన్ని నేను నిలబెట్టలేదు.

ఆ పెళ్ళి నుంచి ఇంటికి వచ్చి చీర మీద రసం మరక ఉతకలేదు. డబ్బా దించాను. నాలుగేళ్ళుగా ఎన్నిసార్లు ఆ అట్ట తీసినా పెన్ను పట్టుకోవడానికి చెయ్యి రాలేదు. ఆమె పద్ధతి ప్రకారం ముందు మనిషి చెప్పాలి, తర్వాతే ఇంకు. చెప్పడానికి ఆమె లేదు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అదీ ఒక అబద్ధమే. మర్నాడు పొద్దున పిన్నికి ఫోన్ చేసి, నిన్న నీకు తప్పు పేరు చెప్పాను అన్నాను. ఆమె ఏ పేరు అంది, మరచిపోయింది. అయినా మొత్తం చెప్పాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను. నా ముందు అట్ట ఉంది, పెన్ను మూత తీసి ఉంది.

ఆ పాట పాడింది నేనే అక్కా.